తుపాను నర్సాపురం దగ్గర తీరం దాటితే తెలంగాణలోని అచ్చంపేట, దేవరకొండ ఎందుకు మునిగాయి?

డిండి_ఒడ్డు
మోంథా తుపాను 2025 అక్టోబర్ 28 అర్ధరాత్రి నర్సాపురం దగ్గర తీరం దాటింది. అప్పటిదాకా ఇంటిల్లిపాదీ టీవీలో కాకినాడ, మచిలీపట్నం అలలే చూస్తూ కూర్చున్నాం. తీరం దాటింది, ఇక బలహీనపడుతుంది అన్నారు. గండం గడిచిందనుకుని పడుకున్నాం. 29న తెల్లారేసరికి వాన మా మీద ఉంది. పొద్దంతా ఒక్క తీరున కొట్టింది. డిండి ప్రాజెక్టు అలుగు పోసి శ్రీశైలం రోడ్డు తెగింది. మా చిన్నాన్న కల్లంలో వడ్ల రాశి మీద కప్పిన పట్టా గాలికి లేచిపోయింది, కింద నుంచి నీళ్లు పారాయి. పొద్దున కుప్పగా ఉన్న వడ్లు సాయంత్రానికి బాట పొడుగునా పరుచుకున్నాయి.

నర్సాపురం నుంచి అచ్చంపేటకు తిన్నగా గీత గీసినా 300 కిలోమీటర్ల పైనే. అంత దూరంలో ఉన్న మన మీద ఇంత వాన ఎట్ల పడింది? ఇంకో సంగతి, నాకు అసలు కోపం తెప్పించింది ఇదే. సముద్రం ఒడ్డు ఊళ్లలో ముందు నుంచే మైకుల్లో చెప్పారు, జనాన్ని స్కూళ్లలోకి తరలించారు. మంచిదే, చేయాల్సిందే. మా ఊళ్లో మాత్రం "వడ్లు ఎత్తుకోండి, వాగు దాటకండి" అని ఒక్క చాటింపు కూడా లేదు. మీ దగ్గర ఎట్ల ఉండె?

హాలియా_సైదులు
మా దగ్గరా అంతే అన్నా. ఇరవై రోజులు ఆగితే కోతలు అయిపోయేవి. పొట్ట విప్పి గింజ గట్టిపడ్డ వరి నేలకు ఒరిగింది. టైర్ల కోత మిషన్ మడిలో దిగబడుతుంది, చైన్ మిషన్ కావాలి. దాని కిరాయి వేరే. అదీ దొరకట్లేదు, అందరికీ ఒక్కసారే కావాలి కదా.

పాలమూరు_పిల్లగాడు
తుపాను అంటే ఆంధ్రా వాళ్ల ముచ్చట అనుకుంటాం మనం. చిన్నప్పటి నుంచి అదే అలవాటు. మన దగ్గర కరువు, వాళ్ల దగ్గర తుపాను, లెక్క అంతే. ఇప్పుడు ఆ లెక్క కుదరట్లేదు.

వాన_లెక్కలు
డిండి అన్నా, మొదటి ప్రశ్నకు నాకు తెలిసినంత చెప్తా. పదేళ్లుగా వాతావరణ శాఖ బులెటిన్లు చదవడం నాకు అలవాటు.

తుపానుకు బలం వేడి సముద్రపు నీటి నుంచి వస్తుంది. నేల మీదికి వచ్చాక ఆ ఆసరా పోతుంది, గుట్టలకు, చెట్లకు, ఇళ్లకు గాలి తగిలి నెమ్మదిస్తుంది. టీవీలో "బలహీనపడింది" అనేది ఈ గాలి గురించే. మన దేశంలో తుపానుకు పెట్టే పేరు, హోదా అన్నీ గాలి వేగాన్ని బట్టే. గంటకు 31 నుంచి 50 కిలోమీటర్లయితే వాయుగుండం, 51 నుంచి 61 తీవ్ర వాయుగుండం, 62 నుంచి 88 తుపాను, ఆపైన తీవ్ర తుపాను. మోంథా తీవ్ర తుపానుగా తీరం దాటింది. మరుసటి రోజుకు కిందికి దిగింది. కానీ ఈ పట్టీలో వాన ఊసే లేదు చూడండి. తుపాను సముద్రం మీద నుంచి మోసుకొచ్చిన తేమ గాలి తగ్గినంత మాత్రాన ఎక్కడికీ పోదు. తడి దుప్పటిని బుజాన వేసుకుని వచ్చి మన ఇంటి ముందు పిండినట్టు, ఆ తేమంతా లోపలి జిల్లాల మీద కురుస్తుంది. పైగా వాయుగుండం నెమ్మదిగా కదిలితే అదే చోట గంటల తరబడి పడుతుంది.

రెండోది, మేఘాలు కేంద్రం చుట్టూ అన్ని వైపులా సమానంగా ఉండవు. పైన వీచే గాలులు ఎటు తోస్తే అటు ఒరుగుతాయి. ఈసారి పడమర వైపుకు ఒరిగాయి. అందుకే తుపాను కేంద్రం ఉత్తరంగా పోతున్నా నాగర్‌కర్నూల్, నల్లగొండ, వరంగల్ వైపు వాన దంచింది. మ్యాపులో గీత ఎక్కడ పోయిందో చూసి "మనకు కాదులే" అనుకోవడమే ప్రమాదం.

నల్లమల_గాలి
నల్లమల గుట్టలు ఆ తేమను ఆపబట్టే అమ్రాబాద్, ఉప్పునుంతల వైపు ఎక్కువ పడిందని మా సార్ అన్నారు. కరెక్టేనా?

వాన_లెక్కలు
గుట్టలకు తేమగాలి తగిలి పైకి లేస్తే వాన పెరుగుతుంది, ఆ మాట నిజం. కానీ అదొక్కటే కారణం కాదు తమ్మీ. హనుమకొండ జిల్లా భీమదేవరపల్లిలో అదే రోజు 40 సెంటీమీటర్లకు అటూ ఇటూ పడింది. అక్కడ నల్లమల లేదు కదా.

డిండి_ఒడ్డు
40 సెంటీమీటర్లు అంటే వినడానికి చిన్నగా ఉంది. మోకాలి లోతు కూడా కాదు.

వాన_లెక్కలు
అక్కడే మోసపోతాం అన్నా. ఒక ఎకరం మీద ఒక్క సెంటీమీటరు వాన పడితే 40 వేల లీటర్ల నీళ్లు. 20 సెంటీమీటర్లు పడితే ఎకరానికి 8 లక్షల లీటర్లు. 5 వేల లీటర్ల ట్యాంకర్ తెలుసు కదా, అవి 160 ట్యాంకర్లు. ఒక్క ఎకరంలో. ఒక వాగుకు కొన్ని వేల ఎకరాల నీళ్లు వచ్చి చేరతాయి. ఇక కల్వర్టు ఏం ఆగుతుంది?

ఎల్బీనగర్_పాలమూరోడు
160 ట్యాంకర్లు! ఎండాకాలం మా అపార్ట్‌మెంట్‌కు ఒక్క ట్యాంకర్ కోసం పొద్దున్నుంచి ఫోన్లు కొడతాం.

2020 అక్టోబర్ గుర్తుందా? అప్పుడు తుపాను కూడా కాదు, తీవ్ర వాయుగుండం అంతే. 13న పొద్దున కాకినాడ దగ్గర తీరం దాటింది, ఆ రాత్రికి హైదరాబాద్ మునిగింది. ఘట్‌కేసర్ వైపు 32 సెంటీమీటర్ల దాకా పడింది. పాతబస్తీ వైపు చెరువు కట్ట తెగి ఇళ్ల మీదికి నీళ్లొచ్చాయి, చాలామంది పోయారు. ఆ వాయుగుండం మన మీదుగా మహారాష్ట్ర దాటి అరేబియా సముద్రంలోకి పోయింది. పేరు కూడా పెట్టలేదు దానికి. పేరు లేని దానికి ఎవరు భయపడతారు?

మూసీ_కింద_ఊరు
హైదరాబాద్‌లో పడ్డది మా దగ్గరికే వస్తుంది అన్నా. వలిగొండ, కేతేపల్లి మీదుగా వాడపల్లిలో కృష్ణలో కలిసేదాకా మూసీ వెంట ఊళ్లన్నీ మావే. నగరంలో వాన ఆగాక మాకు టెన్షన్ మొదలవుతుంది. పైన ఎండ కాస్తుంటుంది, వాగులో మాత్రం నీళ్లు పెరుగుతుంటాయి. కొత్తగా వచ్చిన కోడళ్లకు, పనికి వచ్చిన వాళ్లకు ఇది తెలియదు. వాన లేదు కదా అని బట్టలు ఉతకడానికి దిగుతారు.

కోదాడ_బైపాస్
చాటింపు విషయంలో నాది వేరే మాట. 2024 ఆగస్టు 31 రాత్రి మా కోదాడలో ఏం జరిగిందో చూసినోణ్ని. అప్పుడూ వాయుగుండమే, కళింగపట్నం దగ్గర తీరం దాటింది. మాకు ఎంత దూరమో చూడండి. హెచ్చరిక లేదనడం సరికాదు, ఫోన్లకు మెసేజ్‌లు వచ్చాయి. నాకూ వచ్చింది. చూశాను, పక్కన పెట్టాను. అందరూ అదే చేశారు. ఎందుకంటే రోజూ ఏదో ఒక మెసేజ్ వస్తుంది, "పలు చోట్ల భారీ వర్షాలు" అని. పలు చోట్ల అంటే మా వాగా, పక్క వాగా? ఏది దాటొద్దో చెప్పనిదే మనిషికి ఎక్కదు.

ఆ తెల్లారి వాగులో కొట్టుకుపోయిన కార్లలో మనుషులు చనిపోయి దొరికారు. హైవే మీద నీళ్లు పారి విజయవాడ బండ్లన్నీ ఆగిపోయాయి. నడిగూడెం మండలంలో సాగర్ ఎడమ కాలువకు గండి పడి పొలాల్లోకి ఇసుక మేట వేసింది. అటు ఖమ్మంలో మున్నేరు పొంగింది, కేసముద్రం దగ్గర రైలు పట్టాల కింద కట్ట కొట్టుకుపోయి పట్టాలు గాల్లో వేలాడాయి. సముద్రం ఎక్కడ, ఇవన్నీ ఎక్కడ?

డిండి_ఒడ్డు
మెసేజ్ వస్తే చాలదనే నేనూ అంటున్న. మా నాయనకు కీ ఫోన్. ఇంగ్లీషులో వచ్చిన మెసేజ్ ఆయనేం చదువుతాడు? ఊళ్లో డప్పు కొట్టిస్తే ఇంట్లో పడుకున్నోనికి కూడా వినపడుతుంది.

కోదాడ_బైపాస్
డప్పు విషయంలో మీతోనే ఉన్నా అన్నా. "హెచ్చరికే లేదు" అంటే ఒప్పుకోను, అంతే.

రాజోలి_మగ్గం
2009 సంగతి ఎవరూ ఎత్తలేదేంటి? అక్టోబర్ 2. అప్పుడు మా రాజోలి మహబూబ్‌నగర్ జిల్లాలోనే ఉండేది, ఇప్పుడు గద్వాల జిల్లా. తుంగభద్ర మా ఊళ్లోకి వచ్చింది. మా ఊరు నేత ఊరు, గుంట మగ్గాలు. గుంట మగ్గం అంటే నేలలో గొయ్యి తీసి కాళ్లు అందులో పెట్టి నేసేది. నీళ్లొస్తే ముందు నిండేది ఆ గొయ్యే. మా నాయన సగం నేసిన చీరను కోసి తెచ్చుకుందామని లోపలికి పోబోతే మా అమ్మ చెయ్యి పట్టుకుని గుంజింది. నీళ్లు తీశాక వచ్చి చూస్తే పడుగు మొత్తం బురదలో ఉండ చుట్టుకుని ఉంది, జరీ నల్లబడింది. పన్నె దారాలు గోళ్లతో విప్పుతూ మా అమ్మ ఏడ్చింది ఇప్పటికీ కళ్ల ముందు ఉంది.

అలంపూర్ మునిగింది, కర్నూలు మునిగింది. శ్రీశైలానికి 25 లక్షల క్యూసెక్కులు వచ్చిందన్నారు. ఆ డ్యామ్ గేట్ల గుండా పోయేది అందులో సగం చిల్లర. డ్యామ్ నిలబడటమే దేవుడి దయ అన్నారు అప్పుడు. మాకు వాన పెద్దగా పడలేదు కూడా, పైన కర్ణాటకలో, కర్నూలు జిల్లాలో పడింది. కాబట్టి మన ఇంటి మీద మేఘం చూసి లెక్కవేస్తే కుదరదు. నది పైన ఎక్కడ పడుతుందో అది చూడాలి.

పాలమూరు_పిల్లగాడు
అక్కా, ఆ తర్వాత మగ్గాలు మళ్లీ నిలబడ్డాయా?

రాజోలి_మగ్గం
నేను అన్ననే తమ్మీ, అక్కను కాదు. నిలబెట్టుకున్నాం. అందరూ కాదు. కొందరు హైదరాబాద్ పోయి సెక్యూరిటీ పనుల్లో చేరారు, తిరిగి రాలేదు.

పాలమూరు_పిల్లగాడు
మగ్గం అని చూసి అక్కనుకున్నా అన్నా, ఏమనుకోకు.

టీచరమ్మ_దేవరకొండ
దేవరకొండ మండలం కొమ్మేపల్లి గిరిజన గురుకులంలోకి నీళ్లు వచ్చిన రోజు నేను పక్క ఊరి బడిలో ఉన్నా. వందల మంది పిల్లలు. పోలీసులు, ఊరివాళ్లు తాళ్లు కట్టి పిల్లల్ని బయటికి తెచ్చారు. అందరూ క్షేమంగా వచ్చారు, అదొక్కటే ఆ రోజు మంచి వార్త. తండాల నుంచి తల్లిదండ్రులు వచ్చి రోడ్డు మీద నిలబడ్డారు, వాగు దాటి రావడానికి లేదు. ఒకామె తన పిల్ల పేరు పిలుస్తూనే ఉంది. ఇవతల మేము "బాగానే ఉంది అమ్మా" అని అరిచినా ఆ నీళ్ల చప్పుడులో ఆమెకు వినపడలేదు.

నా బాధ ఏమిటంటే, మన హాస్టళ్లు, గురుకులాలు చాలా వరకు ఊరికి దూరంగా, ఖాళీగా దొరికిన జాగాలో కడతారు. ఆ జాగా ఎందుకు ఖాళీగా ఉందో ఊళ్లో ముసలివాళ్లను అడిగితే చెప్తారు. వాగు పాత దారి అదే అయి ఉంటుంది. ఇల్లు కట్టుకునేవాడు ఆ మాట విని మానుకుంటాడు, సర్కారు బిల్డింగు మాత్రం అక్కడే లేస్తుంది.

నల్లమల_గాలి
టీచరమ్మ చెప్పింది నూటికి నూరు నిజం. మా దగ్గర కుంట శిఖం భూమిలో, అంటే నీళ్లు నిలిచే జాగాలో, వెంచర్ వేశారు. కుంటకు పట్టా పుట్టింది.

హాలియా_సైదులు
చెరువుల ముచ్చట వచ్చింది కాబట్టి చెప్తున్న. మన చెరువులు ఒకదాని కింద ఒకటి గొలుసుకట్టుగా ఉంటాయి. పై చెరువు అలుగు పోస్తే ఆ నీళ్లు కింది చెరువుకు. ఈ ఏడాది వానాకాలం బాగా పడి అన్నీ ముందే నిండి ఉన్నాయి. అక్టోబర్ ఆఖర్లో తుపాను వస్తే ఆ నీళ్లు ఎక్కడ నిలవాలి? జూన్‌లో ఇదే వాన పడి ఉంటే చెరువులు తాగేసేవి. పైది ఒక్కటి తెగితే కింద వరసగా తెగుతాయి. మా తాత కాలంలో వాన ముదురుతుంటే చెరువు నీళ్లు చూసుకునే నీరటి రాత్రంతా కట్ట మీదే ఉండేవాడు, తూము ఎంత లేపాలో ఆయన చేతిలో ఉండేది. ఇప్పుడు నీరటి లేడు. తూము తలుపు తుప్పు పట్టి కదలదు.

వాన_లెక్కలు
చాలా మంచి పాయింట్ సైదులన్నా. బంగాళాఖాతంలో తుపాన్లు ఎక్కువగా వచ్చేది రెండు సీజన్లలో. ఒకటి వానాకాలం ముందు ఏప్రిల్, మేలో, ఇంకోటి అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా. రెండోది మనకు ఎక్కువ ప్రమాదం. చెరువులు నిండుగా, నేల తడిగా, పంట చేతికి వచ్చే వేళ.

దివిసీమ_అల్లుడు
నాది మిర్యాలగూడ, అత్తగారిల్లు అవనిగడ్డ వైపు. ఆ వైపు మాట కూడా వినండి. 1977 నవంబర్ 19. ఉప్పెన ఐదు మీటర్ల పైన ఎత్తున లేచి దివిసీమ మీదికి వచ్చింది. సర్కారు లెక్కే పది వేలు దాటింది, అసలు ఎంతమంది పోయారో దేవుడికి తెలియాలి. మా మామగారు అప్పుడు తొమ్మిదేళ్ల పిల్లాడు, తాటిచెట్టు పట్టుకుని రాత్రంతా ఉన్నాడు. ఆ ఇంట్లో ఆ తారీఖున ఇప్పటికీ పొయ్యి వెలిగించరు.

1990 మేలో దాదాపు అంత బలమైన తుపాను మచిలీపట్నం వైపే వచ్చింది. అప్పుడు లక్షల మందిని ముందే తరలించారు, చనిపోయిన వాళ్లు వెయ్యిలోపే. అదీ తక్కువేం కాదు, కానీ 77తో పోలిస్తే తేడా చూడండి. తుపాను ఆగలేదు, మనుషుల్ని కదిలించారు. షెల్టర్లు కట్టారు, రాడార్లు పెట్టారు, ఊరూరా ఎవరు ఎవర్ని తీసుకుపోవాలో రాసిపెట్టారు. డిండి అన్న అడుగుతున్నది ఇదే అనుకుంటా. అది ఒడ్డున చేశారు, లోపల ఇంకా మొదలుపెట్టలేదు.

డిండి_ఒడ్డు
సరిగ్గా అదే అన్నా. నేను చెప్పలేకపోయింది మీరు చెప్పారు. ఒడ్డున గాలికి, ఉప్పెనకు మనుషులు పోతారు. మన దగ్గర ఎక్కడ పోతున్నారు? లో లెవల్ వంతెనల మీద, పాత మట్టి గోడల కింద, తడి కరెంటు స్తంభాల దగ్గర. ఈ మూడు చోట్లే. మూడూ ముందే తెలిసిన చోట్లే.

బత్తాయి_తోట
మా వైపు ఒకాయన బండి మీద వాగు దాటబోయాడు. ఒడ్డున నిలబడ్డ వాళ్లు వద్దన్నారు. "రోజూ పోయే బాటే, నాకు తెలియదా" అన్నాడు. బాట తెలుసు, కానీ బాట కింద మట్టి అప్పటికే పోయింది. తారు పొర మాత్రమే మిగిలింది, పైన ఎర్ర నీళ్లు పారుతుంటే కనపడదు. బండి ముందు చక్రం దిగబడి పక్కకు పడింది. అదృష్టం బాగుండి తుమ్మ కొమ్మ చేతికి అందింది. బండి రెండో రోజు దొరికింది, కిలోమీటరు కింద.

వాన_లెక్కలు
అడుగు లోతు పారే నీళ్లు చాలు చిన్న కారు తేలడానికి. రెండడుగులైతే పెద్ద బండ్లు కూడా ఆగవు. మనిషికి మోకాలి కింద దాకా ఉన్నా ఉరవడి ఉంటే కాళ్లు తీసేస్తుంది.

కౌలు_బతుకు
వాన ఎందుకు పడిందో తెలిసింది, బాగుంది. నష్టం సంగతి మాట్లాడండి. ఆరెకరాలు కౌలు. పత్తి. మొదటి ఏరుడుకు వచ్చింది, విచ్చిన కాయ మీదే తడిసింది. దూది నల్లగా, మచ్చలు మచ్చలు. కింది కాయలు కుళ్లుతున్నాయి. పత్తి కొనే కేంద్ర సంస్థ సీసీఐ, 2025-26 మద్దతు ధర క్వింటాలుకు 8,110 అంటారు, తేమ 12 శాతం దాటితే కొనరు. యాప్‌లో స్లాట్ బుక్ చేయాలి, ఆ స్లాట్ కూడా పట్టాదారు పేరు మీద. ఎకరానికి 10 వేలు పరిహారం ఇస్తామన్నారు, సంతోషం. ఎవరి ఖాతాలో పడుతుంది? పట్టాదారు ఖాతాలో. ఆయన హైదరాబాద్‌లో ఉంటాడు, వాన పడ్డదో లేదో కూడా ఆయనకు తెలియదు.

హాలియా_సైదులు
ఇది పెద్ద అన్యాయం తమ్మీ. పేరు రాసుకోవడానికి వచ్చినప్పుడు "సాగు చేస్తున్నది నేను" అని గట్టిగా రాయించు. పక్క పొలం వాళ్లతో సంతకం పెట్టించు. చేనులో నిలబడి ఫోటో తీసి పెట్టుకో.

కౌలు_బతుకు
రాయించా అన్నా. "చూద్దాం" అన్నారు. పట్టాదారును అడిగితే "నాకొస్తే నీకు సగం ఇస్తా" అన్నాడు. మందులు, విత్తనాలు, కూలీలు అన్నీ నావి. సగం ఏంటి?

బత్తాయి_తోట
33 శాతం నష్టం దాటితేనే లెక్కలోకి తీసుకుంటారు, అది కూడా గుర్తుపెట్టుకోండి. 2025లో ఉన్న కేంద్రం నిబంధన ప్రకారం విపత్తు నిధి నుంచి వచ్చేది వానాధార పంటకు హెక్టారుకు 8,500, నీటి వసతి ఉన్న పంటకు 17,000. ఎకరం లెక్కన వేస్తే మూడున్నర వేలు, ఏడు వేలకు కాస్త తక్కువ. అందుకే రాష్ట్రం 10 వేలు అంది. పంటల బీమా ఉంటే ఈ తిప్పలు కొంత తగ్గేవి, మన రాష్ట్రంలో ఫసల్ బీమా 2020లో ఆగింది. బత్తాయి సంగతి ఎవరూ అడగరు. గాలికి కాయ రాలింది, వేర్ల దగ్గర నీళ్లు నిలిచి ఆకు పసుపు పడుతోంది. తోట చచ్చిపోతే ఐదేళ్ల కష్టం పోతుంది, ఒక పంట కాదు.

వ్యవసాయం_చదివినోడు
ఇప్పుడు చేతిలో ఉన్నది కాపాడుకునే మార్గం చెప్తా, చదివి మిగతా వాళ్లకు కూడా చెప్పండి.

నేలకొరిగిన వరి: ముందు మడిలో నీళ్లు తీసేయండి. గింజ గట్టిపడ్డ వరి తడిస్తే మొలకెత్తుతుంది, అది ఆపాలంటే లీటరు నీళ్లకు 50 గ్రాముల ఉప్పు కలిపి వెన్నుల మీద పిచికారీ చేయండి. కోసి పనల మీద ఉన్నా ఇదే. వీలైతే ఒరిగిన దుబ్బుల్ని నాలుగైదు కలిపి నిలబెట్టి కట్టండి.

కల్లంలో తడిసిన వడ్లు: ఎండ లేదని కుప్పగా వదిలేయకండి, లోపల వేడెక్కి రంగు మారుతుంది. క్వింటాలుకు ఒక కిలో ఉప్పు, 20 కిలోల పొడి ఊక కలిపి పెడితే కొన్ని రోజులు మొలక రాకుండా ఆగుతుంది. ఎండ రాగానే పలచగా ఆరబోసి తూర్పార పట్టాలి.

పత్తి: చాళ్లలో నిలిచిన నీళ్లు కాలువ తీసి వదలండి. నీళ్లు తీశాక లీటరుకు 10 గ్రాముల పొటాషియం నైట్రేట్ పిచికారీ చేస్తే మొక్క తేరుకుంటుంది. వేర్లు ఊపిరాడక వడలిపోతున్న మొక్కలకు లీటరుకు 3 గ్రాముల కాపర్ ఆక్సీ క్లోరైడ్ కలిపి మొదళ్లలో పోయండి. తడిసిన దూదిని, పొడి దూదిని ఒకే బోరెం సంచిలో వేయకండి, మొత్తం ధర పోతుంది.

బత్తాయి అన్నా, పాదుల్లో నీళ్లు నిలవకుండా వెంటనే కాలువ తీయండి. మిగతాది తోట చూసి మీ ఉద్యాన అధికారి చెప్పడం మంచిది.

డిండి_ఒడ్డు
ఉప్పు, ఊక మా చిన్నాన్నకు ఫోన్ చేసి చెప్పా. ఊక రైస్ మిల్లు నుంచి తెస్తున్నారు. ఆ రోజే తెలిసి ఉంటే ఇంకొన్ని బస్తాలు దక్కేవి.

నాగర్‌కర్నూల్_పల్లి
మా వైపు పల్లి విత్తనం అప్పుడే వేశాం. మొత్తం మురిగింది. ఎకరానికి విత్తనమే ఎంత అవుతుందో రైతులకు తెలుసు. మళ్లీ వేయాలా, మానాలా?

వ్యవసాయం_చదివినోడు
ఒకట్రెండు చోట్ల తవ్వి గింజ చూడండి. చీలి మెత్తబడితే అది రాదు. తిరిగి వేయొచ్చు. నేల పదునుకు వచ్చాకే వేయండి, విత్తన శుద్ధి మర్చిపోవద్దు.

వడ్ల_కాంటా
కొనుగోలు సెంటర్ల సంగతి. నేను హమాలీని, రెండు వైపులా చూస్తా. తేమ 17 శాతం దాటితే కాంటా పెట్టరు. రైతు రెండు వారాలుగా అక్కడే పడిగాపులు. పట్టాలు సరిపడా లేవు. మా సెంటర్‌లో వాన వచ్చిన రోజు ఇద్దరు ముగ్గురు రైతులకు ఒక్క పట్టా, ఎవరి రాశి మీద కప్పాలి? ఒక పెద్దాయన తన రాశి వదిలేసి పక్కన ఒంటరామె రాశి మీద పట్టా కప్పించాడు. ఆయన వడ్లు తడిశాయి. తర్వాత మేమంతా కలిసి రోడ్డు మీద ఆరబోశాం ఆయనవి.

సెంటర్లు కూడా పల్లంలోనే పెడతారు, ఎందుకంటే లారీ తిరగడానికి అదే జాగా. కాస్త మెరకన పెడితే సగం సమస్య పోతుంది.

టీచరమ్మ_దేవరకొండ
ఆ పెద్దాయనకు దండం పెట్టాలి.

కోదాడ_బైపాస్
నేను చేసింది ఒకటి చెప్తా, పనికొస్తే మీరూ చేయండి. 2024 తర్వాత మా వార్డులో ఒక వాట్సాప్ గ్రూపు పెట్టాం. పైన ఉన్న మూడు ఊళ్ల నుంచి ఒక్కొక్కరిని చేర్చాం. వాన ముదిరితే వాళ్లు వాళ్ల వాగు ఫోటో పెడతారు. పైన ఫోటోలో నీళ్లు వంతెన తాకాయంటే మాకు గంట, గంటన్నర టైమ్ ఉంటుందని అర్థం. మోంథా రోజు అది చూసే కింది వీధి వాళ్లు సామాన్లు మేడ మీదికి ఎక్కించారు. ఖర్చు లేదు, పెద్ద చదువు అక్కర్లేదు.

వాన_లెక్కలు
అద్భుతం. దీనికి తోడు తెలంగాణ డెవలప్‌మెంట్ ప్లానింగ్ సొసైటీ వెబ్‌సైట్‌లో మండలాలవారీగా ఎంత వాన పడిందో కనపడుతుంది. మీ మండలం కాదు, మీ వాగు పుట్టే మండలం చూడండి. వాతావరణ శాఖ రంగుల్లో పసుపు అంటే గమనిస్తుండండి, నారింజ అంటే సిద్ధంగా ఉండండి, ఎరుపు అంటే కదలండి అని. "అత్యంత భారీ" అన్న మాట వస్తే 20 సెంటీమీటర్ల పైన పడొచ్చని. అది వినగానే ఎకరానికి 160 ట్యాంకర్లు గుర్తుచేసుకోండి.

ఎల్బీనగర్_పాలమూరోడు
పిడుగులకు దామిని యాప్ కూడా వేసుకోండి. చేలో ఉండేవాళ్లకు బాగా ఉపయోగం.

దివిసీమ_అల్లుడు
ప్రతి లో లెవల్ వంతెన దగ్గర ఒక రాయి పాతి, అడుగు, రెండడుగులు అని గీతలు గీసి, ఎరుపు గీత దాటితే ఎవరూ పోకూడదని రాస్తే చాలు. మా అత్తగారి ఊళ్లో కాలువ వంతెనకు అలాంటిది ఉంది. రెండు వైపులా గొలుసు కూడా. గొలుసు వేసే బాధ్యత ఎవరిదో రాసి ఉంటుంది.

డిండి_ఒడ్డు
ఇది మా పంచాయతీలో అడుగుతా. గీతల రాయి, గొలుసు, వాన హెచ్చరిక వస్తే డప్పు, తూముల మరమ్మతు. నాలుగూ ఒకే అర్జీలో రాయొచ్చా, విడివిడిగా రాయాలా?

టీచరమ్మ_దేవరకొండ
విడిగా రాయండి తమ్ముడూ. వంతెన రోడ్ల శాఖ చూస్తుంది, తూము నీటిపారుదల వాళ్లది. ఒకే కాగితం అయితే ఇది మాది కాదని అటూ ఇటూ తిప్పుతారు. ప్రతి దాని మీద రసీదు నంబరు తీసుకోండి. కౌలు తమ్ముడూ, నువ్వు కూడా నీ అర్జీ వేరే రాసి కలెక్టరేట్‌లో అర్జీలు తీసుకునే ప్రజావాణిలో ఇవ్వు, నేను రాసిపెడతా, వివరాలు నాకు మెసేజ్ చెయ్యి.

కౌలు_బతుకు
ఇప్పుడే పంపిన మేడమ్. సర్వే నంబరు, పక్క రైతుల సంతకాల కాగితం ఫోటో కూడా పెట్టిన.

డిండి_ఒడ్డు
సోమవారం ప్రజావాణికి కలెక్టరేట్‌కు పోతున్న. మా ఊరి నుంచి నలుగురం. అచ్చంపేట వైపు నుంచి ఎవరైనా వచ్చేది ఉంటే చెప్పండి, బండిలో జాగా ఉంది.

నల్లమల_గాలి
నేనొస్తా అన్నా. కుంట వెంచర్ కాగితాలు పట్టుకొస్తా.